అన్సర్ మీద ఐదు దెబ్బల అభియోగం

తొందరపాటు వల్ల మానవజాతి ఎంత నష్టపోయిందో లెక్కలన్నీ తీసిన మీదట, లయ నియంత్రణ మండలి వారు ముందుగా రాక్ సంగీతాన్ని దారిలో పెట్టాలని తీర్మానించారు. (రోడ్ల మీద టిప్పర్ల సంగతి తర్వాత చూస్తారట.) ఇకమీదట రికార్డు చేసిన ఏ పాటైనా ఏ వేగంతో మొదలైతే అదే వేగంతో ముగియాలి. అలా ముగిసిందని జమ్మలమడుగు కార్యాలయం ధ్రువపత్రం ఇస్తేనే స్టూడియోవాళ్లు పాటను చేతికివ్వాలి.

ప్రొద్దుటూరు అన్సర్‌కు తాను వాయించిన పాట అర్జెంటుగా కావాలి. ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్లలో, పీర్ల పండగల్లో డ్రమ్ము వాయించిన మనిషి, పులివెందుల గిటారిస్టు యశ్వంత్ బ్యాండులో చేరి జీవితంలో మొదటిసారి రికార్డింగు చేశాడు. కువైట్‌లో ఇంటిపనికి పోయిన భార్య జానీబీది రెండేళ్లుగా ఒకటే పోరు: "నీ దెబ్బ వినక చెవులు మొద్దుబారినాయి. ఏదన్నా పంపియ్యి." ఆమె వింటుందన్న సంబరంలో, పాట రెండో సగంలో అతని చెయ్యి కాస్త ఉరికింది.

ఆ ఉరకడమే కొంప ముంచింది.

"నిమిషానికి నూటఇరవై దెబ్బలతో మొదలుపెట్టినావు, నూటఇరవై ఐదుతో ముగించినావు" అంది లయాధికారి స్వర్ణలత, కంప్యూటర్ వైపు చూస్తూ. "ఈ ఐదు యాడివప్పా?"

"యాడివేంది మేడం, పాట మంచి ఊపులో ఉండాది. చెయ్యి పోయింది."

ఫారంలో కారణాలకు మూడే గడులున్నాయి: అనారోగ్యం, వార్ధక్యం, విద్యుత్ అంతరాయం. "సంతోషానికి గడి లేదు. కరెంటు పోయిందని రాసుకుందాం, కరెంటాఫీసు నుంచి ఒక కాగితం పట్రా" అంది. (మనసున్న అధికారి.)

కరెంటాఫీసులో ఆదినారాయణ సారు నొచ్చుకున్నాడు. "కరెంటు పోయిందని మేం రాసిచ్చింది ఇంతవరకూ లేదప్పా" అన్నాడు, ఆగిపోయిన ఫ్యాను కింద అట్టముక్కతో విసురుకుంటూ.

ఇక మిగిలింది, క్లిక్ పెట్టుకుని పాటను మళ్లీ రికార్డు చేయడమే. చెవిలో టిక్కుటిక్కుమనే ఆ యంత్రాన్ని దాటకుండా, దానికి వెనకబడకుండా వాయించాలి. "ఈ ఒక్కసారికి ఓర్చుకో మామా" అని యశ్వంత్ బతిమాలాడు. అన్సర్ పళ్ల బిగువున వాయించాడు. మొదట నూటఇరవై, నడుమ నూటఇరవై, చివర నూటఇరవై. స్వర్ణలత లేచి నిలబడి మరీ ధ్రువపత్రం అందించింది. పాత రికార్డింగును నిబంధన ప్రకారం చెరిపేశారు.

అన్సర్ బస్టాండులోనే పాటను కువైట్‌కు పంపాడు. బస్సు ప్రొద్దుటూరు చేరేలోపు జానీబీ గొంతు ఫోనులో పలికింది.

"పాట వింటి. శానా బాగుండాది. ఆ వాయించినాయన ఎవురో గానీ భలే పద్ధతిగల మనిషి. నువ్వు వాయించింది ఎప్పుడు పంపిస్తావు?"