దయామణి అడిగిన ఒక్క సోమవారం

సోమవారం పొద్దున్నే దయామణి నాటుకోడి కూర వండి, గిన్నె మూత కదలకుండా గుడ్డ బిగించి కట్టింది. ఈ ఎండాకాలం మొత్తంలో ఆమె తనకంటూ అడిగింది ఈ ఒక్క రోజే. సెలవుల బైబిలు బడికొచ్చిన పిల్లలందరికీ పులిహోర కలిపింది, పెళ్లిళ్లకొచ్చిన చుట్టాలందరికీ పక్కలు వేసింది. భర్త ఏలియా కల్లూరు దగ్గర చిన్న చర్చికి పాస్టరు. దేవుడంతటి దేవుడే ఏడో రోజు పని మానేశాడని నిన్ననే గంటసేపు ప్రసంగించాడు. "చెప్పుడు బాగనే ఉంది. రేపు నన్ను వాగుకు తీస్కపోతరా, లేదా?" అని ఆమె నిలదీస్తే సరేనన్నాడు.

బండి స్టార్టు చేసేసరికి సంఘపెద్ద పిచ్చయ్య ఎదురొచ్చాడు. "అయ్యగారూ, సంచులతోటి ఎటు ప్రయాణం?"

వాగు నీళ్లలో కాసేపు కాళ్లు పెట్టుకోవడానికి అంటే ఏం పోయేది? ఏలియాకు నోరు రాలేదు. పాస్టరు సరదాకి పోతున్నాడంటే జనం ఏమనుకుంటారోనని, "అడవిల... వాగుకాడ ప్రార్థనకు" అన్నాడు.

"ఉపవాసమా?"

"ఆఁ... అవ్."

దయామణికి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఒళ్లో కోడికూర పెట్టుకొని ఉపవాసమేందండీ? సిగ్గులేదా?" అని దారి పొడుగునా సాధించింది. ఏలియా హెల్మెట్ లోపల ఏమీ వినపడనట్టు నటించాడు.

వాగును చూశాక ఆమె కోపం కాస్త దిగింది. మే నెలలోనూ మోకాలి లోతు నీళ్లు, గట్టున మద్దిచెట్ల నీడ. కుచ్చిళ్లు ఎగదోపి పాదాలు నీళ్లలో పెట్టిందో లేదో, ట్రాక్టరు చప్పుడు వినిపించింది.

పిచ్చయ్య ఊరుకునే రకమా? చర్చి వాట్సాప్ గ్రూపులో "అయ్యగారు అడవిలో ఉపవాసం" అని పెట్టేశాడు. వానల కోసమని ఒకరన్నారు. కాదు, సంఘంలో ఎవరో తప్పు చేస్తే అలిగి అడవి పట్టాడని ఇంకొకరు తేల్చారు. ఇక ఎవరి భయం వాళ్లది. ఏ ఇంట్లోనూ పొయ్యి వెలిగించకుండా, మైకు సెట్టుతో సహా అందరూ ట్రాక్టరెక్కారు.

"క్షమించుండ్రి అయ్యగారూ! మీ పెరట్ల మామిడికాయలు తెంపింది నేనే!" అని చిన్నక్క దిగుతూనే ఏడుపందుకుంది.

ఏలియా భార్య దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "ఆ గిన్నెకు అడ్డం కూసో దయా. వీళ్లు పోయేదాక మూత తియ్యకు" అన్నాడు. దయామణి పళ్లు నూరింది. కానీ మసాలా వాసన ఎవరి మాట వింటుంది? గుడ్డలోంచి ట్రాక్టరు దాకా పాకింది.

పిచ్చయ్య మైకులో గావుకేక పెట్టాడు. "వాసన చూసి లొంగకుండ్రి! ఉపవాసంల సాతాను గిట్లనే శోధిస్తడు!"

అంతే, దయామణి విసురుగా వెళ్లి మైకు గుంజుకుంది.

"సాతాను కాదన్నా, నేను! నేనొండిన కూర! ఉపవాసం లేదు, గిపవాసం లేదు. ఒక్క దినం నీళ్లల్ల కాళ్లు పెట్టుకుందామని వచ్చిన. దేవుడు గూడ పని ఆపి ఒక దినం కూసున్నడు, నన్ను కూసోనియ్యరా? ఈయనకేమో విశ్రాంతి గురించి చెప్పనీకి నోరొస్తది, తీసుకోనీకి సిగ్గొస్తది!"

అందరూ ఏలియా వైపు చూశారు. అతను తల దించుకుని, "నిజమే. మీరేమనుకుంటరోనని అబద్ధమాడిన" అన్నాడు.

చిన్నక్క కళ్లు తుడుచుకుంది. "వాగుల దిగక నాకెన్నేండ్లయిందో అమ్మా" అంటూ కుచ్చిళ్లు ఎగదోపి నీళ్లలోకి నడిచింది. ఆమె వెనకే ఆడవాళ్లందరూ దిగారు. బండ మీద గిన్నె మూత లేచింది. ఇద్దరి కోసం వండిన కూర ఆడవాళ్లకు తలా ఓ ముక్క వచ్చింది.

గట్టు మీద నిలబడ్డ పిచ్చయ్య గుటకలు మింగుతూ, "మరి మాకో?" అన్నాడు.

"మీరు ప్రార్థనకొచ్చిండ్రు గదన్నా, కానియ్యుండ్రి" అంది దయామణి ఎముక చీకుతూ.

ఆ రోజు సంఘంలోని మగవాళ్లంతా, పాస్టరుతో సహా, నియమం తప్పకుండా ఉపవాసం చేశారు.