మోగని టీవీ

ఆ శనివారానికి ఆనంద్ బాబు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదిన్నరకు త్రిపురాంతకంలో అత్తామామలను బస్సెక్కించాలి. పదింటికి మార్కాపురంలో దిగాలి. పదిన్నరకల్లా టీవీ కొనాలి. దాన్ని ఆటోలో వేసుకుని ఇంటికి చేర్చి, గోడకు బిగించి, భోంచేసి ఒక కునుకు తీయాలి. పొదిలి హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషి కాబట్టి, పొరపాట్లకని మధ్యలో ఒక అరగంట కూడా వదిలిపెట్టాడు.

ఆ అరగంట మొదటి టీవీ దగ్గరే అయిపోయింది.

టీవీ ఆ రోజే కావాలి. సాయంత్రం నాలుగింటికి ఒంగోలులో జరిగే సంగీత ఆరాధనను ఒక భక్తి చానల్ నేరుగా చూపిస్తుంది. అందులో ఆనంద్ బాబు భార్య రోజీ ఒక చరణం ఒక్కతే పాడుతుంది. తన కూతురు టీవీలో పాడబోతోందని అత్త ఇందిరమ్మ నెల రోజులుగా చర్చి సంఘంలో చెప్పని మనిషి లేదు. ఒంగోలు పోయి ఎదురుగా చూద్దామంటే, బస్సులో గంటన్నర దాటితే ఆమెకు వాంతులు. ఇంట్లో ఉన్న పాత డబ్బా టీవీలో పైసగం నల్లబడింది. మనుషులు మెడ నుంచి కిందికే కనిపిస్తున్నారు.

"నా బిడ్డ తల లేకుండా పాడాల్నా?" అని ఇందిరమ్మ వారం నుంచి అడుగుతోంది.

"ఫోన్లో చూద్దాం అత్తా," అని ఆనంద్ బాబు ఒకసారి నోరు జారాడు.

"కంటి ఆపరేషన్ చేయించుకున్నది చీమంత బొమ్మ చూడ్డానికా నాయనా?" అంది ఆమె. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

అసలు చిక్కు అత్తతో కాదు, మామతో. నిత్యానందం మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్ళు పలకలు ఏరాడు. పలకను ఎడమచేత్తో పట్టుకోవడం, వేలి కణుపుతో తట్టడం, చెవి ఒగ్గి వినడం. ఖంగుమంటే మంచి పలక. మూలన సుద్దతో ఒక టిక్కు. మోత చచ్చిందంటే కంటికి కనపడని పగులు లోపల ఉన్నట్టే. దాన్ని పక్కన పడేయడమే. ఫ్యాక్టరీ మూతపడి ఆరేళ్ళయినా ఆ వేలు మాత్రం పని మానలేదు. ఊళ్ళో కుండ కొన్నా, పుచ్చకాయ కొన్నా, ఇల్లు కట్టుకోవడానికి ఇటుక కొన్నా ఆయన తట్టాల్సిందే. సుద్దముక్క ఇప్పటికీ చొక్కా జేబులోనే ఉంటుంది.

పుల్లారావు దుకాణంలో గోడకు వరుసగా తొమ్మిది టీవీలు వెలుగుతున్నాయి. నిత్యానందం మొదటిదాని ముందు నిలబడ్డాడు. బొమ్మ వంక చూడలేదు. కణుపుతో రెండుసార్లు తట్టి, కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఏంది పెద్దాయనా, తలుపు కొట్టినట్ల కొడతా ఉండారు?" అన్నాడు పుల్లారావు.

"మూగది," అన్నాడు నిత్యానందం. "లోపల పగులుంది. ఇంకోటి చూపీ."

"పగులా! నిన్న సాయంత్రం పెట్టె విప్పినా. అయినా ఇదేమన్నా పలకనా, తట్టి చూసేదానికి?"

"పేరేదైనా కానీ అబ్బయ్యా. పల్చంగా ఉంది, నల్లంగా ఉంది, నాలుగు మూలలున్నాయి, చుట్టూ చట్రం ఉంది. పలకే."

పుల్లారావు సాయం కోసం ఆనంద్ బాబు వైపు చూశాడు. ఆనంద్ బాబు ఫ్యాను వైపు చూశాడు.

పదకొండు కొట్టేసరికి నిత్యానందం తొమ్మిదింటినీ తట్టాడు. తొమ్మిదీ మూగవే. ఇంకో ఊళ్ళో అయితే జనం నవ్వి ఊరుకునేవాళ్ళు. ఇది మార్కాపురం. ఆ దుకాణంలో ఉన్నవాళ్ళలో తండ్రి పలకలు కోసినవాడో, తల్లి పలకలకు చట్రాలు బిగించినదో కాని మనిషి లేడు. మంచి పలక ఎట్ల మోగుతుందో, పగిలింది ఎట్ల మోగదో పుట్టినప్పటి నుంచి ఎరిగినవాళ్ళు. ఆరో టీవీని బేరమాడి, పెట్టెలో పెట్టించబోతున్న కోటేశ్వరరావు అనే ట్రాక్టర్ ఆసామి చెయ్యి అడ్డం పెట్టి ఆపించాడు.

"అన్నా, నువ్వు పలకలు ఏరే నిత్యానందం కదా? మా నాయన నీ గురించి చెప్తా ఉండేవాడు. ఏందన్నా సంగతి, నాది కూడా మూగదేనా?"

"నీది మరీ మూగది తమ్ముడా. దుప్పటి మీద కొట్టినట్ల ఉంది."

కోటేశ్వరరావు రెండడుగులు వెనక్కి వేశాడు. అతని వెనకున్న ఇద్దరు నాలుగడుగులు వేశారు.

అక్కడ మిక్సీ చూసుకుంటున్న భాగ్యమ్మ ఆ మాట వింది. పోయిన వారం ఈ దుకాణంలోనే ఆమె టీవీ కొంది. మిక్సీ కింద పెట్టి బయటికి పోయింది. ముప్పావు గంట తర్వాత టీవీని ఆటోలో పడుకోబెట్టుకుని, జ్వరం వచ్చిన బిడ్డను ఆసుపత్రికి తెచ్చినట్టు తెచ్చింది.

"అన్నా, దీన్ని ఒకసారి చూడన్నా."

నిత్యానందం తట్టాడు. తల అడ్డంగా ఊపాడు.

"చూసినావా పుల్లారావన్నా!" భాగ్యమ్మ కొంగు బిగించింది. "మార్చి ఇయ్యి నాకు."

"వాడిన టీవీని ఎట్ల మారుస్తారక్కా?"

"ఎవరు వాడినారు? ఊరికే చూసినాం, అంతే."

మధ్యాహ్నం ఒంటిగంటకు దుకాణంలో పరిస్థితి ఇది. టీవీ కొందామని వచ్చి ఆగిపోయినవాళ్ళు ఎనిమిది మంది. భాగ్యమ్మ తొమ్మిదో మనిషి. ఎవరూ కొనరు. ఎవరూ పోరు. పెద్దాయన ఏదో ఒకదానికి మంచిదని చెప్తాడు, అప్పుడు అదే తీసుకుందామని అందరూ నీడలో కూర్చున్నారు. ఇందిరమ్మ ఒక అట్టపెట్టె మీద కూర్చుని, ఇంటి దగ్గర తినాల్సిన పులిహోరను అక్కడే విప్పి అందరికీ తలా కాస్త పెట్టింది. పుల్లారావుక్కూడా పెట్టింది. అతను గోడ మీది టీవీలు లెక్కపెట్టుకుంటూ తిన్నాడు.

ఊరికే కూర్చోలేని కోటేశ్వరరావు లేచి ఒకటో టీవీ దగ్గరికి పోయాడు. వేలితో తట్టాడు. తనకేమీ తెలియలేదు. పలక గనిలో సుత్తితో కొట్టి వినేవాళ్ళని గుర్తొచ్చి, చేతిలో ఉన్న ట్రాక్టర్ తాళాల గుత్తితో ఒక్కటిచ్చాడు.

టప్.

తెర కుడివైపు సిరా ఒలికినట్టు నల్లటి మచ్చ పుట్టింది. అందరూ చూస్తుండగానే అరచేయంత అయింది. దాని చుట్టూ ఆకుపచ్చ, గులాబి గీతలు లేచాయి.

"అయిపాయ!" పుల్లారావు నెత్తి పట్టుకున్నాడు. "పొద్దున్నుంచి తట్టి తట్టి పగలగొట్టినారు గదయ్యా!"

నిత్యానందం నింపాదిగా దగ్గరికి వచ్చి మచ్చను చూశాడు. "దీంట్లో పగులుందని పదిన్నరకే చెప్తిని."

"చెప్పినాడు, నేను విన్నా!" అన్నాడు కోటేశ్వరరావు, వెంటనే.

"మేమూ విన్నాం," అన్నారు ఎనిమిది మంది.

అంతవరకు ఆయన మాట మీద ఏ మూలైనా అనుమానం ఉన్నవాళ్ళకు కూడా ఆ దెబ్బతో పోయింది. పుల్లారావు ఫోను మోగింది. గిద్దలూరు నుంచి ఒకాయన, తను చెప్పిపెట్టిన టీవీని తట్టించి పంపుతారా, లేకపోతే తనకు వద్దు అంటున్నాడు. పుల్లారావు ఫోను కట్టేసి ఆనంద్ బాబును మెట్ల దగ్గరికి తీసుకుపోయాడు.

"సార్, మీరు చదువుకున్నోళ్ళు. ఆయనతో ఒక్కదానికి, ఒకే ఒక్కదానికి బాగుందని చెప్పించండి. మీ కాళ్ళు పట్టుకుంటా."

"నేను ఆయనకు ఏడేళ్ళుగా అల్లుణ్ణి పుల్లారావుగారూ," అన్నాడు ఆనంద్ బాబు. గొంతులో కోపం లేదు, ఓపికా లేదు. "ఇంతవరకు నాకే టిక్కు పెట్టలేదు."

రెండూ నలభై అయింది. ఇంటికి ఆటోలో గంట దారి. ఇందిరమ్మ అట్టపెట్టె మీద నుంచి లేచి మొగుడి ముందుకొచ్చి నిలబడింది.

"ఏమయ్యా, ముప్పై ఐదేళ్ళ కాపురంలో నిన్ను ఒక చీర అడిగినానా?"

"లేదు."

"గొలుసు అడిగినానా?"

"లేదు. ఇప్పుడేంది ఆ మాట?"

"బిడ్డను చూడాల. ఒక్కసారి ఆ చెవులు మూసుకో."

"ఇందిరా, మోగందాన్ని మోగిందని ఎట్ల చెప్పేది? నా టిక్కు చూసి కళ్ళు మూసుకుని లారీలకు ఎత్తేవాళ్ళు. తెలుసు గదా నీకు?"

"నోటితో చెప్పమంటినా? గీత గియ్యి చాలు. దేవుణ్ణి నేను అడుక్కుంటాలే."

నిత్యానందం చొక్కా జేబు తడుముకున్నాడు. సుద్దముక్క బయటికి తీశాడు. పుల్లారావు రెండో టీవీని ఊడదీయించి, పెట్టెలో పెట్టించి, అదను పోతుందేమోనని తనే ముందుకు నెట్టాడు. నిత్యానందం అట్టపెట్టె మూలన టిక్కు పెట్టాడు. గీత వంకర పోయింది. ముప్పై ఒక్క ఏళ్ళలో, ఆపైన ఆరేళ్ళలో, ఆయన పెట్టిన మొదటి దొంగ టిక్కు అది.

తిరిగొచ్చి డబ్బు కడతానని ఆనంద్ బాబు పుల్లారావుకు చెప్పాడు. ఆటోను పిలుచుకురావడానికి బయటికి పోయాడు. ఆ రోజు అతను చేసిన తప్పు అదొక్కటే.

"పెట్టినాడురో!" అని లోపల ఎవరో అరిచారు. ఎనిమిది మందీ ఒక్కసారి లేచారు.

"అన్నా, నాకొకటి!"

"మామా, నేను పొద్దున్నుంచి అన్నం తినకుండా కూచున్నా!"

ఒకదానికి పెట్టి ఇంకోదానికి పెట్టనని ఏ ముఖంతో అంటాడు? నిత్యానందం పెట్టాడు. రెండోదానికి కూడా గీత వంకరే. నాలుగోదానికి తిన్నగా వచ్చింది. భాగ్యమ్మ తెచ్చిన పోయిన వారం టీవీకి కూడా వెనకాల టిక్కు పెట్టించుకుని, కళ్ళకద్దుకుని తీసుకుపోయింది. పుల్లారావు గోడ మీదివి దించడం, పెట్టెల్లో పెట్టడం, టేపు అంటించడం. ఇరవై నిమిషాల్లో దుకాణం ఖాళీ.

ఆనంద్ బాబు ఆటోతో వచ్చేసరికి మూడు దాటింది.

"మన పెట్టె ఏదత్తా?"

"ఈడనే ఉండాల నాయనా."

లేదు. అన్నీ ఒకటే రకం పెట్టెలు, అన్నిటికీ ఒకటే టిక్కు. గోడ మీద ఉన్నవి తొమ్మిది. పగిలింది పోను ఎనిమిది. కూర్చున్నవాళ్ళు ఎనిమిది మంది, వీళ్ళతో కలిపితే తొమ్మిది వాటాలు. రెండో తరగతి లెక్క. దుకాణంలో లెక్కల మేష్టరు ఉండి కూడా ఎవరూ చెయ్యలేదు. ఆఖరి పెట్టెను కోటేశ్వరరావు ట్రాక్టర్‌లో వేసుకుపోయాడని తెలిసి ఆనంద్ బాబు రోడ్డు మీద పరుగెత్తాడు. బస్టాండు మలుపు దాకా ట్రాక్టర్ వెనక భాగం కనిపించింది. ఆ తర్వాత దుమ్ము కనిపించింది.

చెమట కారుతూ తిరిగొచ్చేసరికి మూడున్నర. ఇప్పుడు ఏ దుకాణంలో కొన్నా నాలుగింటికి ఇల్లు చేరదు. ఇందిరమ్మ పులిహోర గిన్నెకు మూత పెట్టి సంచిలో సర్దింది. మళ్ళీ తీసి, మళ్ళీ సర్దింది. నిత్యానందం ఆమె వైపు చూడలేక గోడ వైపు తిరిగాడు. గోడ మీద ఎనిమిది ఖాళీ మేకుల వరుస, ఒక టీవీ.

"అది ఎలుగుద్దా?" అని అడిగాడు.

"సగం ఎలుగుద్ది," అన్నాడు పుల్లారావు. మనిషి ఇప్పుడు చల్లబడ్డాడు. అతనే కుర్చీ తెచ్చి ఇందిరమ్మకు వేసి, చానల్ వెతికి పెట్టాడు.

సరిగ్గా నాలుగింటికి ఒంగోలు వేదిక కనిపించింది. తెల్లచీరల్లో ఇరవై మంది. ఎడమవైపు పన్నెండు మంది శుభ్రంగా ఉన్నారు. తక్కినవాళ్ళు నల్లమచ్చ వెనకాల ఉన్నారు. రోజీ పన్నెండు మందిలో లేదు.

"యాడుందయ్యా నా బిడ్డ?"

"అదిగో అత్తా, ఆ అంచున మోచెయ్యి. అది రోజీదే," అన్నాడు ఆనంద్ బాబు. ఏడేళ్ళ కాపురంలో మోచేతిని గుర్తుపట్టగలడని అతనికీ అప్పుడే తెలిసింది.

పల్లవి అయింది. మోచెయ్యి కదిలింది. చరణం ఒక్కతే పాడాలి కాబట్టి రోజీ వరుసలో నుంచి బయటికొచ్చి, మచ్చ దాటి, ఎడమవైపున్న మైకు ముందు నిలబడింది. నిండుగా, నిలువెత్తుగా. దుకాణంలో నలుగురూ ముందుకు వంగారు. రోజీ కళ్ళు మూసుకుని చరణం పాడింది. ఎక్కడా తప్పలేదు. పాడి, మళ్ళీ మచ్చ వెనక్కి వెళ్ళిపోయింది.

ఇందిరమ్మ కళ్ళు తుడుచుకుంది. తర్వాత అల్లుడి వైపు తిరిగింది.

"బిడ్డ చిక్కింది. ఏం పెడతా ఉండావు నాయనా దానికి?"

ఆనంద్ బాబు టీవీ కట్టేయడానికి రిమోట్ వెతికాడు.

"అమ్మా, సోమవారం కొత్త సరుకు వస్తాది," అన్నాడు పుల్లారావు, చేతులు కట్టుకుని. "మొదటి టీవీ మీదే. నేనే మనిషినిచ్చి ఇంటికి పంపిస్తా. సార్, ఊరి పేరు రాయండి."

ఆనంద్ బాబు పెన్ను తీశాడు.

"ఎందుకు నాయనా?" అంది ఇందిరమ్మ, సంచి భుజానికి తగిలించుకుంటూ. "చూసినాం గదా."

"అది కాదత్తా, టీవీ..."

"ఇంక టీవీలో చూసేదానికి ఏముంది? మీ మామ వార్తలు చూసి తిట్టుకుంటాడు, నాకు నిద్ర పాడు. రోజీ మళ్ళీ పాడినప్పుడు ఈడికే వస్తాం. ఈ అబ్బయ్య మంచోడు, కుర్చీ వేసినాడు. పదండి, ఐదింటి బస్సు పోతాది."

నిత్యానందం ఆమె వెనకాల మెట్లు దిగాడు. ఆనంద్ బాబు పెన్ను జేబులో పెట్టుకుని, ఆటోవాడికి ఏం చెప్పాలో ఆలోచిస్తూ ఆయన వెనకాల దిగాడు.

ఆ రోజు టీవీ కోసం ఆ దుకాణం మెట్లెక్కిన వాళ్ళందరిలో ఉత్త చేతులతో ఇల్లు చేరింది, అందరి టీవీలకూ టిక్కు పెట్టిన మనిషి, ఆయన ఇంటివాళ్ళే.