అందరికీ వచ్చిందట!

వదిన కాఫీ ముగించేలోపు ఆస్పత్రి డేటాబేస్‌కు బ్యాకప్, అంటే ఇంకో నకలు, తీసి ఇచ్చేస్తానని ఆ ఉదయం మరిది మాటిచ్చాడు. వదిన పశువుల డాక్టరు. ఊళ్లోని కుక్కలూ పిల్లులూ ఏడేళ్లుగా వేయించుకున్న టీకాల వివరాలన్నీ ఆమె టేబుల్ మీది కంప్యూటర్లోనే ఉన్నాయి. వాటిని చూసుకునే ప్రోగ్రామును రాసింది మరిదే. దాన్నీ, అది నడవడానికి కావలసిన సరంజామానూ కలిపి కంటైనర్ అనే ఒక పెట్టెలాంటి దాంట్లో సర్దాడు.

పోయినసారి కూడా బ్యాకప్ తీశాడు. కాకపోతే ఆ ఫైలును కంటైనర్ లోపలే వదిలేసి, పాతబడిందని ఆ కంటైనర్‌నే తుడిచిపెట్టాడు. అసలు వివరాలు వేరే చోట భద్రంగా ఉండబట్టి బతికిపోయాడు.

"ఈసారి బయటికి తీసి, తెరిచి చూపించు. అప్పుడే నమ్ముతాను," అంది వదిన.

"అదెంత పని వదినా!" అన్నాడు మరిది.

నిజంగానే ఎంతో పని కాలేదు. ఫైలును బయటికి తీశాడు, పక్కనే రెండో కంటైనర్ తెరిచి అందులోకి ఎక్కించాడు. టీకాల వివరాలన్నీ పొల్లుపోకుండా కనిపించాయి. టీకా గడువును గుర్తుచేస్తూ యజమానులకు మెసేజీలు పంపే భాగం ఆ కంటైనర్లో కూడా ఉందన్న సంగతే అతనికి తట్టలేదు. పంపిన మెసేజీల చిట్టా బ్యాకప్‌లోకి రాలేదు. దాంతో ఏడేళ్లుగా ఎవరికీ కబురే పెట్టలేదనుకుని, అది పదకొండు వందల మందికీ ఒక్క ఊపున పంపేసింది: "మీ జంతువుకు టీకా గడువు దాటింది. వెంటనే తీసుకురండి."

అరగంటలో ఆస్పత్రి గేటు ముందు ముప్ఫై కుక్కలు చేరాయి. కాంపౌండరు గేటెక్కినంత పనిచేసి, ముందు నిలబడ్డావిడకు గట్టిగా చెప్పాడు. "మెసేజి మీకొక్కరికే కాదమ్మా, అందరికీ వచ్చిందట!"

వెనకవాళ్లకు చివరి రెండు మాటలే వినిపించాయి.

"ఏం వచ్చిందట?"

"ఏదో జబ్బు. కుక్కలకట."

వీధి మలుపు దాటేసరికి అది పిల్లులకు అంటుకుంది. కూరగాయల దుకాణం దగ్గర మనుషులకూ సోకింది. ఒకాయన చేపల తొట్టి ఎత్తుకొచ్చాడు. రిటైరైన టీచరమ్మ ఖాళీ బుట్టతో వచ్చింది.

"మా పిల్లి పోయి రెండేళ్లయింది బాబూ. గడువు దాటిందంటే ఏం చెయ్యను?"

మరిది కుర్చీ లాగి ఆమెను కూర్చోబెట్టాడు. తరవాత, చేసిన తప్పు తనే దిద్దుకుందామని అందరికీ ఇంకో మెసేజి కొట్టాడు: "దయచేసి ఎవరూ రావద్దు. జంతువులను ఇంట్లోనే ఉంచండి."

అప్పటిదాకా తటపటాయించినవాళ్లు కూడా అది చూసి పరుగు పరుగున వచ్చేశారు.

"మరిదిగారూ!" అని లోపలినుంచి కేక వినిపించింది. వదిన 'గారు' తగిలించిందంటే కోపం నషాళానికి అంటినట్టే. "ఇంట్లో ఉంచమన్నారంటే జబ్బు నిజమే అంటున్నారు జనం! టీకా మందు అయిపోవస్తోంది. ఈ ఆస్పత్రికి మళ్లీ ఎవరైనా వస్తారా?"

అంతలో గేటు ముందు జీపు ఆగింది. పురపాలక ఆరోగ్యాధికారి దిగాడు. గుంపును ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూశాడు.

"ఎవరండీ ఈ మెసేజీలు పంపింది?"

వదిన సిరంజితోనే మరిదిని చూపించింది. అతను తల దించుకుని ముందుకొచ్చాడు.

"నెల్లాళ్లుగా మైకు పట్టుకుని వీధివీధీ తిరిగాం. రేబిస్ టీకాకి వచ్చినవి తొమ్మిది కుక్కలు," అన్నాడు అధికారి. "ఇక్కడ రెండు వందలకి తక్కువ లేవు! డాక్టరుగారూ, మందు నేను తెప్పిస్తాను. ఒక్కదాన్నీ వెనక్కి పంపకండి." మరిది వైపు తిరిగాడు. "ఆ 'రావద్దు' అన్న మెసేజి ఎవరి ఆలోచన?"

"అదీ... నాదేనండీ."

"భలేవారే! రమ్మంటే రానివాళ్లను రావద్దని రప్పించారు!"

వదిన తరవాతి కుక్కను బల్లమీదికి ఎక్కించమంది. మధ్యాహ్నం దాకా మరిది కుక్కల్ని పట్టుకుంటూనే ఉన్నాడు. మూడు కరిచాయి, సాయంత్రం పెద్దాస్పత్రిలో రేబిస్ టీకా అతనికీ పడింది.

అధికారి పైవాళ్లకు పంపిన నివేదికలో ఆ ఉదయానికి "రెండంచెల ప్రచార ప్రణాళిక" అని పేరు పెట్టాడు.