జలార్థం ఫోటో సమర్పయామి

నన్ను ఏళ్ళ తరబడి ఒక సందేహం పీడిస్తోంది.

రోజూ పొద్దున పూజలో దేవుడికి "వస్త్రార్థం అక్షతాన్ సమర్పయామి" అంటాను. బట్టలు పెట్టను, రెండు అక్షింతలు వేస్తాను. నగలా? అవీ అక్షింతలే. చివరికి "గజానారోహయామి" అని, అంటే స్వామీ నిన్ను ఏనుగు ఎక్కిస్తున్నానని చెప్పి, మళ్ళీ అవే అక్షింతలు! మా వాకిట్లో స్కూటర్ పెట్టడానికే చోటు లేదు, ఏనుగును ఎక్కడ కట్టేది? ఆయన మాత్రం ఏనాడూ "ఏనుగేదిరా?" అని అడగలేదు. అది ఆయన మంచితనమా? లేక మన మీద ఆశ వదులుకున్నాడా?

ఆ సందేహం ఈ మధ్య మా కాలనీ పార్కులో తీరింది. తీర్చినవారు మా వాలంటీర్లు. అందుకే గుండె మీద చెయ్యి వేసుకుని ప్రకటిస్తున్నాను: ఫోటో కోసం మొక్కలు నాటేవారిని మించిన భక్తులు ఈ కలియుగంలో లేరు! వారిని చూసి నవ్వేవారికి శాస్త్రం తెలియదు!

మాది సూర్యాపేట. పార్కు బాగోగులు చూసుకోవడానికి 'పచ్చచేతులు' అని మాకొక బృందం ఉంది. అధ్యక్షులు సైదులు గారు, ప్లాట్ల వ్యాపారం. ఫోటోలు, వాట్సాప్ గ్రూపు చూసుకునేది మొబైల్ షాపు క్రాంతి. నేనూ సభ్యుణ్ణే. ఏటా మాల వేసుకుని వేసుకుని నాకు 'సామి' అన్న పేరు స్థిరపడిపోయింది. కనుక మొక్క నాటేటప్పుడు "వృక్షో రక్షతి రక్షితః" అని గట్టిగా అనే బాధ్యత నాకు అప్పగించారు. అర్థం ఎవరూ అడగరు. అడిగితే ఇబ్బందే! మనం చెట్టును కాపాడితే అది మనల్ని కాపాడుతుందట. మొదటి సగం మా ప్రణాళికలో లేదు.

ఏం, ఎందుకుండాలి? మొక్క నాటడం పుణ్యం. నీళ్ళు పోయడం పని. పుణ్యానికి వచ్చినవారికి పని చెప్పడం ఏం మర్యాద?

మా పద్ధతి చూడండి. వానాకాలం రాగానే ఒక మంచి రోజు చూస్తాం. తెల్ల టీషర్టులు, ఆకుపచ్చ టోపీలు, రిబ్బన్ కట్టిన పార. ముఖ్య అతిథి వస్తారు. గోతిలో మొక్క పెడతారు. నల్ల కవరు చించకుండానే పెడతారు, లేకపోతే చేతులకు మట్టి అంటుకోదా? బకెట్ ఎత్తి నీళ్ళు పోస్తున్నట్టు నిలబడతారు. క్రాంతి "సార్, ఇటు సూడుండ్రి" అంటాడు. అంతే! జలార్థం ఫోటో సమర్పయామి. మిగతాది మొక్క, దాని ప్రారబ్ధం.

మొక్క చచ్చిపోతే లోకం ఏడుస్తుంది. అసలు లాభం అక్కడే ఉందని ఎవరికి తట్టింది? చచ్చిన మొక్క చోటు ఖాళీ చేస్తుంది. బతికిన మొక్క కబ్జా చేస్తుంది! పైగా ఆకులు రాలుస్తుంది, పిట్టలను పిలుస్తుంది, అన్నిటికన్నా ఘోరంగా కొమ్మలు పెంచి దాతల పేర్లున్న బోర్డును కప్పేస్తుంది. దాతల పేరు కనిపించని పార్కు అడవితో సమానం కాదా?

మిర్యాలగూడలో మా వియ్యంకుడి కాలనీవారు మాకన్నా ఒక మెట్టు పైనున్నారు. పొద్దున స్కూల్లో నాటిన మొక్కనే కవరుతో సహా పైకి తీసి, మధ్యాహ్నం ఆఫీసులో, సాయంత్రం పార్కులో నాటారట. పునర్జన్మలుంటాయని పురాణాల్లో విన్నాను. ఒకే రోజులో ఇన్ని జన్మలెత్తిన జీవి గురించి మాత్రం అప్పుడే విన్నాను.

ఇంత చక్కగా సాగుతున్న మా పార్కుకు ఈ ఏడు ఆపద వచ్చింది. కార్యక్రమానికి ముందురోజు క్రాంతి పరుగెత్తుకొచ్చాడు.

"సార్, మొక్క బతికింది."

"ఏ మొక్క?" అన్నారు సైదులు గారు.

"పోయినేడు మనం పెట్టిందే సార్. బోర్డు కాడిది. గానుగ."

"మనం పెట్టిందా?" ఆయన ముఖంలో రంగు మారింది. "ఎట్ల బతికింది?"

"నీళ్ళు పోసిర్రంట."

"ఎవలు? ఎవల్నడిగి పోసిర్రు?"

ఆయన కంగారు అర్థం చేసుకోండి. మా పార్కు నేలంతా రాయి. పార దిగేది బోర్డు పక్కనున్న ఆ ఒక్క గోతిలోనే. ఏటా తవ్వి తవ్వి అక్కడి మట్టి గుల్లబారింది. ఉదయపు వెలుతురూ అక్కడే పడుతుంది, బోర్డూ ఫోటోలోకి వస్తుంది. ఇప్పుడక్కడ నడుమెత్తు మొక్క నిలబడి ఉంది! రేపు ముఖ్య అతిథి ఎక్కడ నాటాలి?

అపరాధి వెంటనే దొరికింది. పేరు సరోజ. పార్కు గోడకు ఆనుకుని, ఆ బోర్డు వెనకే ఆమె ఇస్త్రీ బండి. మా టీషర్టులకు ఏటా ఇస్త్రీ చేసేదీ ఆమే. మొదటి ఏడు అతిథి చేతిలో పెట్టడానికి మంచి బకెట్ లేకపోతే, బట్టల మీద నీళ్ళు చల్లుకోవడానికి పెట్టుకున్న తన స్టీలు బకెట్ ఇచ్చింది. "ఫోటో దిగి ఇస్తమక్కా" అన్నాడు క్రాంతి. ఆ ఫోటో ఇంకా అయిపోయినట్టు లేదు. ఏటా ఆమె అడుగుతుంది, ఏటా స్టోర్ రూమ్ తాళంచెవి ఎవరి దగ్గరో ఉంటుంది. పాపం, పెయింట్ డబ్బాతో నెట్టుకొస్తోంది. ఆ డబ్బాతోనే గానుగకు నీళ్ళు పోసిందట.

"నేనే పోసిన సారూ," అంది దాపరికం లేకుండా. "కవరు గూడ నేనే సింపిన. ఇంగ జరంత లేస్తే బండి మీద నీడ పడ్తది. పగటీలి ఇస్త్రీ పెట్టెల బొగ్గులు, నెత్తి మీద ఎండ, నడుమ నేను. పోయిన ఎండాకాలం గీడనే పడిపోయిన. దవాఖానకు తీస్కపోయిర్రు."

"నీ బాధ సమజైతది గని అక్కా, రేపు పెద్ద సారు వస్తుండు. దీన్ని పీకి గా మూలకు పెడ్తం."

"గాడంత రాయే గద సారూ. సస్తది."

"సస్తే మల్లొకటి పెడ్తం. మొక్కలకేమన్న కరువా?"

సరోజ ఇస్త్రీ పెట్టె ఎత్తి, మా టీషర్టు మీద పెట్టబోయి ఆగింది.

"మీ అంగీలు ఇంగ సగం గూడ కాలే సారూ. గీ ఎండకు కండ్లు తిరిగితే, పెట్టె ఏడ పెడ్తనో ఏది కాలుతదో నాకే తెల్వది."

సైదులు గారు 'చెట్లే మన ప్రాణం' అని రాసి ఉన్న టీషర్టు వైపు, దాని పైన గాలిలో ఆగిన ఇస్త్రీ పెట్టె వైపు చూశారు. తర్వాత నా వైపు తిరిగారు. "సామీ, శాస్త్రంల దీనికేమన్న ఉపాయం ఉన్నదా?"

ఎందుకుండదు? ఏనుగునే రెండు గింజల్లో ఇమిడ్చిన శాస్త్రం! నాటిన మొక్కను మళ్ళీ నాటనక్కర్లేదని చెప్పాను. విగ్రహాన్ని పెకలించకుండానే ఏటా కల్యాణం చేయడం లేదా? అతిథి పారతో మట్టిని తాకితే చాలు, చేతికి అక్షింతలు నేనిస్తాను. ఫోటోకు లోటు రాదు.

"ఇది మస్తుంది," అన్నారు సైదులు గారు. ఇస్త్రీ పెట్టె నెమ్మదిగా, టీషర్టుకు మేలు చేసే విధంగా, దిగింది.

మర్నాడు ముఖ్య అతిథి కోదాడ నుంచి ఆలస్యంగా వచ్చారు. మునగాల దగ్గర దాబాలో టిఫిన్‌కు ఆగారట. వస్తూనే అడిగారు. "మొక్కేదండీ? ఇదా? ఇది ఆల్రెడీ నాటేసుందేంటండీ?"

"వృక్షారోపణార్థం అక్షతాన్ సమర్పయామి!" అని గట్టిగా అని ఆయన దోసిట్లో అక్షింతలు పోశాను. సంస్కృతం వినపడగానే ఆయన చెప్పులు విడిచారు. అక్షింతలు మొక్క మొదట్లో పడ్డాయి, పార మట్టిని తాకింది, క్రాంతి క్లిక్ కొట్టాడు. అంతా సుఖాంతం అనుకున్నాం.

అప్పుడాయన ఏ అతిథీ ఇంతవరకు అడగని ప్రశ్న అడిగారు.

"ఇంత ఏపుగా ఉంది, నీళ్ళు ఎవరు పోస్తున్నారండీ?"

 సైదులు గారు "మా టీం..." అని మొదలుపెట్టారు. క్రాంతి వీడియో తీసే మత్తులో "సరోజక్క సార్, గా ఇస్త్రీ బండి" అనేశాడు.

"మరి ఆవిడకి సన్మానం చెయ్యరేంటండీ? పిలవండి!"

ఉన్న ఒక్క శాలువా ఆయన భుజాల మీదే ఉంది. సైదులు గారు కన్ను గీటారు, క్రాంతి పరుగెత్తాడు. ఏళ్ళుగా దొరకని స్టోర్ రూమ్ తాళంచెవి అప్పుడు సైదులు గారి జేబులోనే దొరికింది! బూజు దులిపి, పైన బృందం స్టిక్కర్ అంటించి, రంగు కాగితం చుట్టిన ఒక వస్తువును అతిథి సరోజ చేతుల్లో పెట్టారు. చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

ఆమె కాగితం విప్పింది. బొటనవేలితో అంచును తడిమింది. స్టీలు సామాను మీద మనవాళ్ళు చుక్కలు చుక్కలుగా పేరు కొట్టిస్తారు కదా, ఆ చుక్కలున్నాయక్కడ: సరోజ.

అతిథి వంగి చదివి మురిసిపోయారు. "పేరు కూడా కొట్టించారే! ఎంత శ్రద్ధండీ మీకు!"

సైదులు గారు వినయంగా చేతులు జోడించారు. "మా పద్ధతే గంత సార్."

సరోజ ఆయన వైపు చూసింది.

"తాళం దొరికిందా సారూ?" అంది. అంతే.

ఆ సాయంత్రం గ్రూపులో ఫోటో వచ్చింది: 'పేద మహిళకు స్టీలు బకెట్ వితరణ.' కింద అన్నీ దండాలే. అక్షింతలు తీసుకుని ఏనుగు ఎక్కినంత సంబరపడేది దేవుడొక్కడే కాదని నాకప్పుడు తెలిసింది. మనం కూడా! ఆయన ఎందుకు ఊరుకుంటాడో కూడా తెలిసింది. ఆయనకు దాహం లేదు. దాహం ఉన్నదానికి గింజలు వేసి చూడండి, ఎన్నాళ్ళు ఊరుకుంటుందో!

అంతకుముందు పొద్దున, సభ అయిపోయి అందరూ టిఫిన్ పొట్లాల దగ్గరకు వెళ్ళాక, సరోజ గోరుతో స్టిక్కర్ గీకి తీసింది. తన బకెట్‌ను కొళాయి కింద నిండా పట్టి తెచ్చి, గానుగ మొదట్లో వంచింది.

నేను చల్లించిన అక్షింతలు ఆ నీళ్ళ మీద కాసేపు తేలి, పక్కకు కొట్టుకుపోయాయి.