గడప దాటని రైలు

ఆ పొద్దున బాపురావు పెట్టుకున్న పని చిన్నదే. సాయంత్రంలోగా జన్నారం నుంచి ఖానాపూర్ దాకా రైలు వేయాలి. జన్నారం అతని ఇంటి హాలులో గడియారం కింద ఉంది. ఖానాపూర్ వంటింట్లో ఉండబోతోంది. అసలు ఖానాపూర్ ఆ ఇంటి చుట్టూ ఉంది గానీ, దానికి రైలు లేదు. నిజాం కాలంలో వస్తుందన్నారు, పోలీసు యాక్షన్ తర్వాత వస్తుందన్నారు, ఆంధ్రప్రదేశ్ అయ్యాక ఇక రానే వచ్చిందన్నారు. వినీ వినీ విసుగెత్తి బాపురావు తనే వేయడం మొదలుపెట్టాడు.

ఇంజను బొంబాయి నుంచి వచ్చింది. తాళంచెవి తిప్పి వదిలితే పరుగెత్తే రేకు ఇంజను. దాని వెనక డబ్బాలు మాత్రం నిర్మల్ బొమ్మల పనివాడు, నకాషీ దశరథం తేలికైన పొనికి కర్రతో చెక్కి, రంగులు వేసినవి. రేకు పట్టాల కింద టేకు పుల్లలు. మంచిర్యాల స్టేషన్లో బొటనవేలంత మనుషులు, అందులో ఒకాయనకు గొడుగు. లక్షెట్టిపేట దగ్గర పత్తి బండ్లు. పొద్దున్నే కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడేవేళ, చెంప నేలకు ఆనించి ఒక కన్ను మూసుకుని చూస్తే ఇల్లు కనిపించేది కాదు. గోదావరి మీద పొగమంచు కనిపించేది. అడవిలోంచి ఇప్పపూల వాసన వచ్చేది. దూరంగా రైలు కూత కూడా వినిపించేదని బాపురావు చెప్పేవాడు. అది పక్కింటి బావి గిరక చప్పుడని అతని భార్య సరళాదేవి చెప్పేది.

గోదావరి దగ్గరే వచ్చింది పేచీ. అంత పొడుగున అంత నీలం ఇంకెక్కడా దొరక్క బాపురావు ఆమె పైఠానీ చీర తీసి పరిచాడు. ఒడ్డున ఇసుక కూడా పోశాడు.

"గోదారికి నా పట్టుచీరనే దొరికిందా?" అంది సరళాదేవి.

"అంచు చూడు సరళా. నీళ్ళ మీద ఎండ వడ్డట్టే ఉన్నది" అన్నాడు బాపురావు, మెచ్చుకుంటుందనుకుని.

ఆమె ఆ మధ్యాహ్నమే మంచిర్యాలలో ఉన్న తల్లిగారింటికి పోవడానికి కచ్చురం, అంటే గూడు ఉన్న ఎడ్లబండి కట్టించింది. "హాల్ల కాలు పెట్ట సందు లేదు. నేను వచ్చేసరికి మనిషి నడువ జాగ ఉండాలె. లేకుంటె కచ్చురం మలుపుకొని మల్ల గటే పోత. రైలన్న ఉండాలె, నేనన్న ఉండాలె" అని ఎక్కి కూర్చుంది. వెళ్ళి నెల కావస్తోంది. ఈ సాయంత్రం వస్తోందని సంతకు వచ్చిన బండ్లవాళ్ళు కబురు చెప్పారు.

ఆమె అన్నంత పనీ చేసే మనిషి. అలాగని పట్టాలు పీకేద్దామంటే బాపురావుకు చెయ్యి రావడం లేదు. దానికి కారణం ఉంది. పెళ్ళయి ఆమెను మంచిర్యాల నుంచి ఎడ్లబండిలో తీసుకువస్తుంటే కడెం వాగులో చక్రం కూరుకుపోయింది. పైన వాన. కొత్త పెళ్ళికూతురు మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది. అప్పటికింకా మీసాలు సరిగా రాని బాపురావు, "ఏడ్వకు. వచ్చే ఏడు మనం రైల్ల పోదాం" అన్నాడు. ఆమె నమ్మి కళ్ళు తుడుచుకుంది. ఇప్పుడామె పాపిట్లో తెల్లవెంట్రుకలు వచ్చాయి. ఆ మాట ఇద్దరూ మళ్ళీ ఎత్తలేదు. బాపురావు మాత్రం మరిచిపోలేదు.

అందుకే అతనికి ఈ ఆలోచన తట్టింది. లైను సగం హాలు దాటించి ఖానాపూర్ స్టేషన్ వంటింట్లో పెడితే హాలులో నడవడానికి చోటవుతుంది. ఇచ్చిన మాటా నిలబడుతుంది. దశరథాన్ని పిలిపించాడు. మంచిర్యాల నుంచి జన్నారం దాకా గోడ వారకు జరిపేశారు. గోదావరిని దులిపి, మడతపెట్టి పెట్టెలో దాచారు. ఆ తర్వాత దశరథం హాలులోంచి వంటింటికి పోయే గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని తల గోక్కున్నాడు.

"గడప అడ్డమొస్తున్నది దొరా. ఇంజను గింత ఎత్తు ఎక్కది. నడిమిట్ల జర కోస్తె..."

వంట చేసే కమలవ్వ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. "ఏందీ, గడప కోస్తవా? లచ్చిమి ఉండే జాగ కోస్తవా? నీ చేతులిరిగిపోను!"

"కొయ్యం తియ్యవ్వా. మీదికెల్లి పోనిస్తం" అన్నాడు బాపురావు మెల్లగా.

"మనిషే కాలు పెట్టద్దని నేను శుక్రారం శుక్రారం పసుపు పూస్తున్న. దాని మీదికెల్లి ఇనుప బండి నడిపిస్తరా దొరా?"

"ఇనుపది కాదు. రేకుది."

"అయితె దొర్సాని రానీయుండ్రి. ఆమెనే అడుగుండ్రి" అని కమలవ్వ గడప ముందు చతికిలబడింది.

దొరసానిని అడిగే ధైర్యమే ఉంటే ఇంత పరేషాన్ ఎందుకు? బాపురావు గడపను చూశాడు, కమలవ్వను చూశాడు, చివరికి గోడను చూశాడు. పాతకాలపు మట్టిగోడ.

"దశరథం, సొరంగం కొడదాం" అన్నాడు. ఆ మాట అంటుంటేనే అతని కళ్ళు మెరిశాయి. సొరంగం ఉన్న రైలుకు ఉండే గౌరవమే వేరు.

దశరథం గుమ్మం పక్కనే చెయ్యి పెట్టి "గిక్కడ కొడదామా?" అన్నాడు.

"గక్కడెట్లయితది? జన్నారం దాటినంక గోదారి ఎడమకు ఉండాలె. పట్టా అడివి దిక్కు కుడికి మలగాలె. లేకుంటె బండి పొయ్యి గోదార్ల వడ్తది" అన్నాడు బాపురావు.

గోదావరి పెట్టెలో ఉందని దశరథం గుర్తు చేయలేదు. దొర చూపించిన చోట, కుడివైపు గోడకు ఉలి పెట్టాడు.

భూగోళం ప్రకారం అది సరైన చోటే. పంపకాల ప్రకారం కాదు. ఆ ఇల్లు ఒకప్పుడు ఒకటే. తండ్రి పోయాక బాపురావూ అన్న బాలకిషన్‌రావూ దాన్ని రెండుగా పంచుకున్నారు. హాలుకూ వంటింటికీ మధ్య కుడివైపున్న సామాను దాచే అర్ర అన్న వాటాకు వెళ్ళింది. గోడ పెట్టినప్పుడు తండ్రి పడక్కుర్చీ ఎవరిదన్న దగ్గర మాటా మాటా పెరిగింది. ముందు పలకరించిన వాడు ఓడినట్టని ఇద్దరూ ఎవరికి వారే అనుకుని, అప్పటి నుంచి మాట్లాడుకోవడం మానేశారు. ఆ కుర్చీని చెదలు తినేసి చాలా కాలమైంది. పంతాన్ని తినలేకపోయాయి.

మధ్యాహ్నానికి గోడలో కుండ పట్టేంత కన్నం పడింది. అవతల చీకటి. అదే జన్నారం దాటాక వచ్చే కడెం అడవి అనుకుని బాపురావు పరవశంతో భుజం దాకా చెయ్యి పెట్టి తడిమాడు. అవతల ఎవరో ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"దొరికిండు! పట్టపగలు కన్నమేస్తుండు దొంగ! దొరికిండు!"

అది అన్న గొంతు. పొద్దుటి నుంచీ టకటక వింటూ బాలకిషన్‌రావు జొన్న బస్తాల వెనక కర్ర పట్టుకుని కాపు కాస్తున్నాడు. ఇప్పుడు చేతికి చిక్కిన చేతిని వెలుతురుకు తిప్పి చూశాడు. దాని వేలికి తండ్రి ఇచ్చిన ఉంగరం ఉంది. దాని జోడు అతని వేలికే ఉంది. అరుపు ఆగిపోయింది. కానీ తమ్ముణ్ణి ముందుగా ఎలా పలకరించడం?

"ఓ గోడా!" అన్నాడు బాలకిషన్‌రావు. "నా అర్రల ఏం దేవులాడుతుండో గా పెద్దమనిషిని అడుగు."

"గోడా! ముందు నా చెయ్యి ఇడువుమను" అన్నాడు బాపురావు.

"ఏం దేవులాడుతుండో చెప్పేదాంక ఇడువ!"

"కడెం" అన్నాడు బాపురావు, ఉన్నదున్నట్టు.

కడెం కోసం ఎవరూ గోడకు కన్నం వేయరు. బాలకిషన్‌రావు చెయ్యి వదలకుండానే ఆలోచించాడు. పోలీసు యాక్షన్ అప్పుడు ఊళ్ళో కలిగినవాళ్ళంతా వెండి బంగారాలు భూమిలో దాచారు. తండ్రి ఎక్కడ దాచాడో కొడుకులకు చెప్పకుండానే పోయాడు. అంటే...

"లంకెబిందెలు!" అని అతను పైకే అనేశాడు.

కన్నం పక్కనే నిలబడ్డ కమలవ్వ ఆ మాట విని గడప కాపలా వదిలేసి వీధిలోకి పరుగెత్తింది. కాసేపటికి పోలీస్ పటేల్ అంతయ్య తలపాగా సవరించుకుంటూ వచ్చాడు. వెనక సగం ఖానాపూర్ వచ్చింది. ముందు ఆయన సర్కారు పేరు మీద బాపురావు చెయ్యి విడిపించాడు. తర్వాత దశరథాన్ని నిలదీశాడు.

"నిజం చెప్పు. గోడెందుకు తవ్వినవు?"

"రైలు కోసం పటేలా."

అంతయ్య హాలులో ఉన్న మంచిర్యాలను చూశాడు, గొడుగు మనిషిని చూశాడు, బాపురావు తెల్లబడ్డ మీసాలను చూశాడు. తల అడ్డంగా ఊపాడు. "గింత పెద్దమనిషి ఆటబొమ్మలతోని ఆడుతడా? ఇది జనాన్ని మరిపిచ్చే ఎత్తు. బిందెలు పొయ్యి కింద ఉంటయి. పాతకాలపోళ్ళు గక్కడనే పెడ్తరు. గీ కన్నం వంటింటి దిక్కే వంకర పోయింది, చూస్తలేరా?"

జనం చూశారు. నిజమే, అటే పోయింది. బాపురావుకు కోపం రాలేదు, మనసు చివుక్కుమంది. ఆటబొమ్మలట! నోరు విప్పి ఏదో చెప్పబోయాడు గానీ వినేవాళ్ళెవరూ లేరు. అందరూ వీధి చుట్టి అన్నగారి వైపు వెళ్ళిపోయారు. తమ్ముడి కంటే ముందు పొయ్యి కిందికి చేరాలని బాలకిషన్‌రావు స్వయంగా గడ్డపార అందుకున్నాడు. దాహమైతే చెంబు కూడా తను వంచుకోని మనిషి, ఆ రోజు పంచె ఎగ్గట్టి అర్రలోంచి తమ్ముడి వంటింటి గోడను పొడవడం మొదలుపెట్టాడు. బిందెల పని కూలివాళ్ళకు అప్పజెప్పేది కాదు కదా.

హాలులో బాపురావు ఒంటరిగా కూర్చున్నాడు. ఎండ పసుపురంగుకు తిరిగింది. సరళ కచ్చురం ఈపాటికి కడెం వాగు దాటుతూ ఉంటుంది. వస్తుంది, గోడకు కన్నం చూస్తుంది, కచ్చురం మలుపుకుంటుంది. ఆమె లేని ఇంట్లో ఈ రైలు ఎవరి కోసం? ఏడుపు వచ్చినంత పనైంది. అలవాటు కొద్దీ చెంప నేలకు ఆనించి, ఒక కన్ను మూసి, కన్నంలోంచి చూశాడు.

సొరంగం. దాని చివర మసక వెలుతురు. జొన్న బస్తాలు కొండల్లా ఉన్నాయి. ఆ కొండల అవతల, సరిగ్గా దారం పట్టినట్టు ఇదే వరుసలో, వంటింటి గోడకు అన్న రెండో సొరంగం కొడుతున్నాడు.

"దశరథం!" అన్నాడు లేచి కూర్చుని. "పట్టాలు తే!"

బాపురావు కన్నంలోంచి ఒక్కో పట్టా అవతలికి తోశాడు. దశరథం వీధి చుట్టి వెళ్ళి జనంలో కలిసి, వంగి, అడుగు అడుగూ వాటిని కలుపుకుంటూ పోయాడు. లంకెబిందెల మీద కళ్ళు పెట్టుకున్నవాళ్ళకు రేకు ముక్కలు కనిపించవు. ఒకరిద్దరు కాలు తీసి దారి కూడా ఇచ్చారు. దీపాలు పెట్టేవేళకు గడ్డపార వంటింట్లోకి దిగబడింది. దశరథం చివరి పట్టా అందులోకి తోసి, పక్కకు తప్పుకున్నాడు. బాలకిషన్‌రావు బిందెలు ముందు తనకే కనిపించాలని ఆ కన్నంలో తల దూర్చాడు.

సరిగ్గా అప్పుడే సరళాదేవి వచ్చింది. హాలు చూసే ధైర్యం లేక పెరటి తలుపు తీసుకుని నేరుగా వంటింట్లోకి అడుగుపెట్టింది. ఇవతల నేల మీద పడుకున్న బాపురావుకు రెండు సొరంగాల గుండా ఆమె గొంతు చెవిలోనే అన్నట్టు వినిపించింది.

"అయ్యో, బావా! గోడలకెల్లి వచ్చిండ్రేంది?"

బావగారు తల వెనక్కి లాక్కున్న చప్పుడు వచ్చింది. బాపురావు తాళంచెవి బిర్రుగా తిప్పి ఇంజను వదిలాడు. అది మంచిర్యాల నుంచి కదిలి, జన్నారం దాటి, కుడికి మలిగి చీకట్లోకి వెళ్ళిపోయింది. అవతల గుంపు మాటలు ఒక్కసారిగా ఆగిపోయాయి. టకటకటక అన్న చప్పుడొక్కటే సన్నగా, చక్కగా, కొండల మధ్య నుంచి పోతున్నట్టు వినిపించింది. అతను లేచి, గడపలు దాటుకుంటూ వంటింటికి పరుగెత్తాడు.

ఇంజను, అతనూ ఒకేసారి చేరారు. నెత్తిన మట్టితో, మూడు రంగుల డబ్బాలతో రైలు గోడలోంచి బయటికి వచ్చి, పొయ్యి పక్కన ఆయాసం తీరినట్టు ఆగింది. సరళాదేవి చంకలో మూటతో అలాగే నిలబడిపోయింది.

"ఖానాపూర్‌కు రైలొచ్చింది సరళా" అన్నాడు బాపురావు. మీసాల మీది మట్టి తుడుచుకుని "జర ఆలిశమైంది" అన్నాడు.

ఆమె రైలును చూసింది. మట్టి కొట్టుకుపోయిన భర్తను చూసింది. కడెం వాగూ, వానా ఆమె కళ్ళలో కనిపించినట్టే అనిపించింది బాపురావుకు. మూట దించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"హాల్ల జాగ చేయుమంటె వంటింట్ల స్టేషన్ పెట్టిండ్రా?"

"హాల్ల గూడ జాగ అయింది. చూసుకో. అయినా కచ్చురం మలుపుత అంటె..."

"ఇగ కచ్చురం ఎందుకు? పోవాల్నంటె నా పొయ్యి కాడనే బండెక్కుత" అంది సరళాదేవి. బాపురావు రైలు పక్కనే చతికిలబడ్డాడు. అంత సంతోషం అతనికి పెళ్ళినాడు కూడా కలగలేదు.

అప్పుడు గోడలోంచి దగ్గు వినిపించింది.

"బాపూ!"

బాలకిషన్‌రావు ముందుగా పలకరించాడు.

"చెప్పన్నా."

"బిందెలు లేవు, ఏం లేవు. అది పోనీ. గా బండి నా అర్రలకెల్లే పోతున్నది గద? ఆగకుండ పోతె ఎట్లరా? నా కాడ గూడ జర ఆగుమను."

"కడెం స్టేషన్ నీదే అన్నా" అన్నాడు బాపురావు.

జనమంతా వీధి చుట్టి వంటింట్లోకి వచ్చేశారు. అంతయ్య సర్కారు వాటా సంగతి కాసేపు గొణిగి, ఎవరూ పట్టించుకోకపోయేసరికి మళ్ళీ బండెప్పుడని అడిగాడు. సరళాదేవి మూట విప్పింది. తల్లిగారింటి నుంచి తెచ్చిన, కజ్జికాయల్లాంటి గరిజెలు. "వంటింట్ల మొగోళ్ళ గుంపేంది? అందరు హాల్లకు నడువుండ్రి. మంచిర్యాలకు నేను రైల్లనే పంపుత" అని డబ్బాల నిండా గరిజెలు పేర్చి, ఇంజను తిప్పి పెట్టించి, తానే తాళంచెవి తిప్పింది. బాలకిషన్‌రావు కడెంలోనే ఉండిపోయాడు, మిగతా అందరూ హాలులో వరుసగా కూర్చుని సొరంగం వైపు చూశారు.

కడెంలో స్టేషన్ పెట్టిన తర్వాత మంచిర్యాలకు ఒక్క గరిజె కూడా చేరలేదు.