పదకొండు రోజులు ఎండిన గడ్డి

ఆ రోజు విద్యాసాగర్ వేసుకున్న పథకంలో పొరపాటుకు చోటే లేదు. ఎనిమిదింటికి అబిడ్స్‌లోని ఇంటి మేడ మీద నుంచి గడ్డి బస్తా దించాలి. తొమ్మిదింటికి నాంపల్లిలో తాను కెమిస్ట్రీ చెప్పే కాలేజీకి చేరాలి. పదింటికి కరస్పాండెంట్ దేవప్రసాద్ గారికి గడ్డి నుంచి తీసిన గ్యాస్ మీద చాయ్ కాచి ఇవ్వాలి. చాయ్ మరిగితే కాలేజీ వెనక షెడ్డు అతని ప్రయోగాలకు. మరగకపోతే రేపటి నుంచి స్కూటర్ల పార్కింగుకు. మూడేళ్ల కష్టం ఒక్క కప్పు చాయ్ మీద ఆధారపడి ఉంది.

చెప్పుకుంటే విషయం చిన్నదే. ఎండిన గడ్డిని గాలి చొరకుండా ఇనప డ్రమ్ములో బిగించి కింద మంట పెడితే లోపలి గడ్డి మండదు. ఆ వేడికి మండే గ్యాస్ గొట్టంలోంచి వస్తుంది, చిక్కటి నూనె సీసాలోకి కారుతుంది, అడుగున బొగ్గు మిగులుతుంది. షరతల్లా గడ్డి గలగలలాడుతూ ఎండి ఉండాలన్నదే. అందుకే పబ్లిక్ గార్డెన్‌లో కోసి పారేసిన గడ్డిని తెచ్చి, పదకొండు రోజులు కన్నబిడ్డలా చూసుకుంటూ ఎండబెట్టాడు.

మేడెక్కి బస్తాలో చెయ్యి పెట్టాడు. చెయ్యి తడిసింది.

"అమ్మా! గీ గడ్డి మీద నీళ్లెవరు పోసిన్రు?"

"నేనే బిడ్డా," అంది నాగరత్నం తృప్తిగా. "ఇయ్యాల సంకటహర చవితి. దేవునికి ఇరవై ఒక్క పోసలు తీస్కుందామని వస్తే గరికంత వాడిపోయుంది. గణపతికి పెట్టేదాన్ని గట్ల ఎండబెడ్తరా ఎవరన్న? మంచిగ రెండు బకెట్లు చల్లిన."

విద్యాసాగర్ బస్తా భుజాన వేసుకుని మెట్లు దిగాడు. సందు మొదట్లో ఎల్లేష్ బండి మీద బొగ్గుల ఇస్త్రీపెట్టె కణకణలాడుతోంది.

"ఎల్లేష్, జర గీ గడ్డిని ఇస్త్రీ చెయ్యవా? నీకు పుణ్యముంటది."

"గడ్డినా సార్?"

"తర్వాత చెప్త. కానియ్యి."

ఎల్లేష్ పనిమంతుడు. పాత దుప్పటి పరిచి, గడ్డిని పలచగా పేర్చి, పెట్టె తిప్పసాగాడు. విద్యాసాగర్ ఆటో మాట్లాడి వచ్చేసరికి సగం బస్తా అయింది. ముట్టుకుంటే వేడిగానూ ఉంది, తడిగానూ ఉంది. ఎల్లేష్ ఎడమచేత్తో గిన్నెలోని నీళ్లు చిలకరిస్తున్నాడు.

"నీళ్లెందుకయ్యా!"

"నీళ్లు చల్లకుంటే ఇస్త్రీ ఎట్లయితది సార్? ఇరవై ఏండ్ల సంది ఇదే పని. నాకు చెప్తరా?"

తొమ్మిదీ ఇరవై. ఇక వాదించే వేళ లేదు. నాంపల్లి స్టేషన్ ముందు ట్రాఫిక్‌లో ఆటో ఆగితే విద్యాసాగర్ గుప్పెళ్లతో గడ్డిని బయటికి చాచి గాలికి ఆడించాడు. పక్క ఆటోలోని వాళ్లు అతన్ని జాలిగా చూశారు.

పదింటికల్లా దేవప్రసాద్ గారు షెడ్డు ముందు కుర్చీ వేయించుకుని, పక్కనున్న మురికికాలువ దోమలను ఫైలుతో కొట్టుకుంటూ కూర్చున్నారు. విద్యాసాగర్ గడ్డిని డ్రమ్ములో బిగించి, దేవుడి మీద భారం వేసి కింద మంట పెట్టాడు. గొట్టంలోంచి తెల్లటి పొగ బుసబుసమంటూ వచ్చింది. అగ్గిపుల్ల చూపిస్తే ఆరిపోయింది. తొమ్మిదో పుల్లా ఆరిపోయింది.

"ఏమండీ, చాయ్ వస్తదా, స్కూటర్లను రమ్మనాల్నా?" అన్నారు దేవప్రసాద్ గారు దగ్గుతూ.

"ఐదే నిమిషాలు సార్!"

ఐదు నిమిషాల్లో పొగ క్లాసుల్లోకి వెళ్లింది. పిల్లలు ముక్కులు మూసుకుని బయటికొచ్చారు. "షెడ్డు అంటుకుంది!" అని అరుస్తూ వాచ్‌మన్ రామకృష్ణ నిండు బకెట్టుతో పరుగెత్తుకొచ్చాడు. విద్యాసాగర్ డ్రమ్ముకు అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు.

"పొద్దటి సంది అందరు నీళ్లే పోస్తున్నరు! నువ్వు గూడ పోస్తే నేను బతకను రామకృష్ణా!"

అతనికి నిజంగానే ఏడుపొచ్చింది. మూడేళ్లూ బూడిదపాలయ్యాయి.

"ఆగున్రి!" దేవప్రసాద్ గారు లేచి నిలబడ్డారు. ఫైలు పక్కన పెట్టి రెండు చేతులూ తిప్పి చూసుకున్నారు. "దోమలేవి?"

"సార్?"

"పదిహేనేండ్లల్ల గీడ గోక్కోకుండ కూసున్నది ఇదే మొదటిసారి. ఒక్కటి కుడ్తలేదు. షెడ్డు మీదేనండీ! స్కూటర్లు రోడ్డు మీద ఉండనియ్యిండ్రి. రోజు పొద్దున, సాయంత్రం గిట్లనే నడిపియ్యాలె."

సంతోషం పట్టలేక విద్యాసాగర్ నోరు జారాడు. "థాంక్స్ సార్! కానీ ఇది గడ్డి తడిసినందుకు వచ్చిన పొగ సార్. ఎండుదైతే గ్యాస్ నీలంగ మండుతది. అసలు పొగే రాదు."

దేవప్రసాద్ గారి మొహం చిన్నబోయింది. "పొగే రాదా?"

మరునాడు షెడ్డు తలుపుకు ఆఫీసు ఉత్తర్వు అంటించారు. షెడ్డు విద్యాసాగర్ పేరనే ఉంది, గడ్డిని మాత్రం ఎండబెట్టరాదు.