రాహుకాలంలో నామినేషన్

మహిధర్ పెట్టెలో రెండు చొక్కాలు, ఒక టై పెట్టుకుని స్నానానికి వెళ్ళాడు. అతడు తిరిగి వచ్చేసరికి ఆ పెట్టెలో ఉన్ని శాలువా, కాకరకాయ కారం సీసా, జలుబు మందు, నాలుగు జతల మేజోళ్ళు చేరాయి. మూత పడలేదు. అత్తగారు ప్రభావతి పెట్టె మీద కూర్చుని ఉంది.

"అత్తయ్యా, వెళ్ళేది ఒక్క రాత్రికి."

"ఒక్క రాత్రి జలుబు చెయ్యదా బాబూ?"

పెట్టె మూత పడే చప్పుడంటే ఆవిడకు పెళ్ళయినప్పటి నుంచీ గుండె దడ. భర్తకు పదకొండు బదిలీలు. ప్రతి ఊళ్ళోనూ ఒక పొరుగింటావిడ వీధి చివరి దాకా వచ్చి, మళ్ళీ కలుద్దామని చెప్పింది. ఆ పదకొండు మందిలో ఒక్కరు కూడా ఆవిడకు మళ్ళీ కనబడలేదు. న్యూజిలాండ్‌లో ఈ రోటోటూనా అనే ఊరికి వచ్చి ఆరేళ్ళయింది. కూతురు ప్రణీత, అల్లుడు, మనవరాలు నవీన, పెరట్లో గోంగూర మడి. ఇంక కదలనక్కర్లేదని ఆవిడ మొన్నటి దాకా నమ్మింది. మొన్న రాత్రి భోజనాల దగ్గర, పామర్‌స్టన్ నార్త్‌లో మంచి ఉద్యోగం ఉందని, శుక్రవారం ఇంటర్వ్యూకి వెళ్ళి శనివారం వస్తానని మహిధర్ చెప్పాడు. కారులో ఐదు గంటల దారి.

అయితే ప్రభావతి ఊరికే కూర్చునే మనిషి కాదు. నవీన చదివే బడిని నడిపే బోర్డును తల్లిదండ్రులంతా కలిసి ఎన్నుకుంటారు; నిలబడడానికి మాత్రం ఊళ్ళో పెద్దవాళ్ళెవరైనా అర్హులే. గెలిచినవాళ్ళు మూడేళ్ళుంటారు. ఆ మూడేళ్ళన్న మాట చెవిన పడ్డ దగ్గర్నుంచి, ఎలాగైనా అల్లుణ్ణి బోర్డులో కూర్చోబెడితే మూడేళ్ళ పాటు ఊరు కదలడని ఆవిడ లెక్క వేసింది. ఎవరికీ కాదని చెప్పడం రాని మహిధర్ ఆ ఉద్యోగానికీ సరేనన్నాడు, ఈ పోటీకీ సరేనన్నాడు. నామినేషన్ కాగితం ముందురోజే నింపి కవరులో పెట్టాడు.

"మధ్యాహ్నం పన్నెండింటికల్లా బళ్ళో ఇచ్చేయాలి అత్తయ్యా. తర్వాత తీసుకోరు."

"తొమ్మిదింటికే ఇచ్చేస్తాను. మీరు నిదానంగా డ్రైవ్ చెయ్యండి."

నిజంగానే తొమ్మిదింటికి చెప్పులేసుకుంది. గుమ్మం దగ్గర కవరు చూసుకుంటే అంచులకు పసుపు లేదు. శుభకార్యానికి బోసి కవరు ఎలా ఇస్తారని వెనక్కి వచ్చి నాలుగు మూలలా పసుపు రాసింది. పసుపు తడిగా ఉంది. ఆరబెట్టాలి. ఆరుతూ ఉండగా, శుక్రవారం కదా, దీపం పెట్టింది. దీపం పెట్టాక నైవేద్యం లేకపోతే బాగుండదని పొయ్యి మీద పాలు పెట్టింది. పాలు పొంగాయి. పొయ్యి తుడిచింది. పది నిమిషాల నడకను ఏడు నిమిషాల్లో నడిచి బడి ఆఫీసు గుమ్మం చేరేసరికి గోడ మీద గడియారం పదిన్నర దాటి ఒక్క నిమిషం చూపిస్తోంది.

శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. ఎత్తిన కాలు కిందికి దించి, గుమ్మం బయట బల్ల మీద కూర్చుంది.

పావుగంటలో రాజారావు వచ్చాడు. బడి మూల మీద డెయిరీ ఆయనదే. డెయిరీ అంటే పాలకేంద్రం కాదు, ఈ దేశంలో చిల్లర కొట్టుకి ఆ పేరు. ఆయన చేతిలోనూ ఒక కవరు ఉంది. దానికీ పసుపు ఉంది.

"ఏంటక్కయ్యా, ఇంత చలిలో బయట కూర్చున్నారు?"

"రాహుకాలం."

రాజారావు వెంటనే పక్కన కూర్చున్నాడు. కాసేపయ్యాక ఫోన్ తీసి ఏదో లెక్కపెట్టాడు.

"మన కేలెండరు ఇక్కడికి పనికిరాదండి. ఈ ఊళ్ళో ఇవాళ సూర్యోదయం ఏడుంపావు, అస్తమయం ఐదుంపావు. పగలు పది గంటలు. ఎనిమిది భాగాలు చేస్తే భాగానికి గంటంపావు. శుక్రవారం నాలుగో భాగం. పదకొండుకి పట్టి పన్నెండుంపావుకి వదుల్తుంది."

"అయితే ఇప్పుడు లేదన్నమాట."

"ఇక్కడి లెక్కకి లేదు. మన లెక్కకి ఉంది."

"మరేం చేద్దాం?"

"రెండూ వదిలేదాకా కూర్చుందాం."

"పన్నెండు దాటితే తీసుకోరని మా అల్లుడు చెప్పాడే."

"పావుగంట ఆలస్యానికి ఎవరండీ పట్టింపు? మా కొట్టు నేనెప్పుడైనా టైముకి తెరిచానా?"

ప్రభావతికి నమ్మకం కుదరలేదు. గడియారం సరిగ్గా పన్నెండు కొట్టగానే, ఆ చప్పుడు ఆగేలోపు లోపలికి దూకాలని నిశ్చయించుకుంది.

"ఇంతకీ మీరు దేనికి నిలబడుతున్నారు?" అని అడిగింది.

"క్రమశిక్షణకి. ఈ బళ్ళో పిల్లలు చెట్లెక్కుతున్నారు. అది నేర్పడానికి ఒక టీచరు కూడా ఉంది. నేను గెలిస్తే ముందు ఎక్కాలు, తర్వాతే చెట్లు. మీ అల్లుడో?"

"లెక్కలు, కంప్యూటర్లు, రోడ్డు మీద జీబ్రా గీతలు." తన అసలు ప్రాధాన్యం ఏమిటో ఆవిడ బయటికి చెప్పలేదు.

ఆఫీసులోని అమ్మాయి అద్దంలోంచి వీళ్ళని చూసి చెయ్యి ఊపి లోపలికి రమ్మంది. ఇద్దరూ నవ్వి, అడ్డంగా తలలూపారు. ఆ అమ్మాయి బయటికి వచ్చి టీ ఇచ్చి వెళ్ళింది. ఇద్దరూ టీ తాగుతుంటే, చంటిబిడ్డను తోపుడుబండిలో తీసుకొచ్చిన ఇక్కడే పుట్టిపెరిగిన ఒక కివీ తల్లి, ఇదేదో వరుస అనుకుని వాళ్ళ వెనక నిలబడింది. ఐదు నిమిషాలు నిలబడి, దేనికోసం ఎదురుచూస్తున్నామని మర్యాదగా అడిగింది.

ప్రభావతి ఇంగ్లీషు పాత వార్తాపత్రికలు కూడబలుక్కుని తనంతట తాను నేర్చుకున్నది. రాహువును అందులో ఎలా చెప్పాలా అని ఆలోచించి, ఆ తల్లికి వివరంగా చెప్పింది. "స్నేక్. వెరీ బిగ్ స్నేక్. సన్ ఆల్సో ఈటింగ్. టిల్ ట్వెల్వ్ ఓక్లాక్, డోంట్ గో ఇన్‌సైడ్."

న్యూజిలాండ్‌లో పాములు లేవు. అందువల్ల అక్కడ పుట్టినవాళ్ళకు పామంటే ఏం చెయ్యాలో తెలియదు. ఆ తల్లి ఒక్క అరుపు అరిచి, బిడ్డను బండితో సహా ఎత్తుకుని పక్క తలుపు గుండా లోపలికి పరుగెత్తింది. రెండు నిమిషాల్లో గంటలు మోగాయి. మైకులో ప్రిన్సిపాల్ గొంతు వినబడింది. తలుపులన్నీ మూసుకున్నాయి, కిటికీలన్నీ దిగాయి. బడి మొత్తానికి తాళం పడింది. తోటమాలి ఒక చేత్తో చీపురు, ఒక చేత్తో చెత్తబుట్ట మూత పట్టుకుని బయలుదేరాడు. ఒక తరగతి అద్దానికి నవీన ముక్కు ఆనించి, "అమ్మమ్మా, డోంట్ మూవ్" అని సైగలు చేస్తోంది.

"ఏమైందండీ?" అన్నాడు రాజారావు.

"మంట పుడితే ఎలా తప్పించుకోవాలో పిల్లలకి నేర్పిస్తారు కదా, అదై ఉంటుంది." ప్రభావతి టీ పూర్తి చేసింది.

లోపలివాళ్ళకు మాత్రం వేరేగా కనబడింది. అంత ముసలావిడ పాముకు ఎదురుగా, గుమ్మానికి అడ్డంగా, కదలకుండా కూర్చుని పిల్లల్ని కాపాడుతోంది. ఆఫీసు అమ్మాయి అద్దం వెనక కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు వచ్చాడు కొమురయ్య, మనవడు మరిచిపోయిన అన్నం డబ్బా పట్టుకుని. కరీంనగర్‌లో ముప్ఫై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసిన మనిషి.

"గిదేంది అక్కా, బడి బందు వెట్టిన్రు?"

విషయం విని చాలాసేపు నవ్వాడు. "మన దగ్గర ఇప్పుడు తెల్లారగట్ల ఐదుంబావు. రాహువు ఇంకా పండుకునే ఉంటడు. గాయన లేసేసరికి మీ ఎన్నికలే అయిపోతయి."

"నీకు పట్టింపు లేదుగా తమ్ముడూ?"

"నాకు డ్యూటీ ఎక్కితే రాహుకాలం లేదు, వర్జ్యం లేదు. ఇయ్యి, నేనిచ్చొస్త."

ప్రభావతి కవరు ఇచ్చేసింది. రాజారావు తన కవరు గుండెకు హత్తుకుని, పన్నెండుంపావుకు తప్ప ఇవ్వనన్నాడు. కొమురయ్య ఆఫీసు కిటికీ తట్టాడు. అది నాలుగు వేళ్ళంత తెరుచుకుంది. ముందు అన్నం డబ్బా పెట్టబోయాడు, పట్టలేదు. కవరు పట్టింది. అర నిమిషంలో కాగితం అదే సందులోంచి తిరిగి వచ్చింది. లోపలి అమ్మాయి వేలితో కింది సగం చూపించి, గడియారం చూపించింది. పన్నెండుకు నాలుగు నిమిషాలు.

"అక్కా, కింద పేరు రాసి సంతకం వెట్టాలంట. ఖాళీ ఉన్నది."

"ఎవరి పేరు?"

"ఎవరు తెచ్చిన్రో ఆళ్ళదే ఉంటది. మా డిపోల గట్లనే. పై సగం ఇచ్చినోనిది, కింది సగం తెచ్చినోనిది."

కొమురయ్య ముప్ఫై ఏళ్ళ అనుభవం మీద ప్రభావతికి గౌరవం కలిగింది. రాహువును తలచుకుని కళ్ళు మూసుకుని, పేరు రాసి, తేదీ వేసి, సంతకం పెట్టింది. కాగితం సందులోకి వెళ్ళింది. కిటికీ మూసుకుంది. గడియారం పన్నెండు కొట్టింది. ఆఫీసు అమ్మాయి నామినేషన్ల పెట్టెకు తాళం వేసింది.

పన్నెండుంపావుకు, అప్పుడే తాళం తీసిన తలుపులోంచి, రాజారావు కుడికాలు ముందు పెట్టి లోపలికి నడిచి, కవరుతో సహా అదే కాలితో బయటికి వచ్చాడు. అంతకు ముందే తోటమాలి బడి చుట్టూ మూడుసార్లు తిరిగి, గడ్డిలోంచి ఒక పచ్చ నీళ్ళ గొట్టం పట్టుకొచ్చాడు. దూరం నుంచి చూస్తే ఎవరైనా భయపడతారని అందరూ ఒప్పుకున్నారు.

సోమవారం బడి నుంచి ఉత్తరం వచ్చింది. అప్పటికి మహిధర్ ఇంటర్వ్యూ నుంచి తిరిగి వచ్చాడు. ఉద్యోగం కూడా వచ్చింది. ప్రణీత ఉత్తరం రెండుసార్లు చదివింది.

"అమ్మా, నువ్వు గెలిచావు."

"మీ ఆయన కదే గెలవాల్సింది."

"పై సగంలో ప్రతిపాదించేవాళ్ళు, కింది సగంలో పోటీ చేసేవాళ్ళు. రెండు చోట్లా తనే కదా అని ఆయన పైన రాసి కింద వదిలేశారు. కింద నువ్వు రాశావు. ఆయన నిన్ను నిలబెట్టినట్టయింది."

"నాకు ఓటెవరు వేశారే?"

"ఎవరూ వెయ్యలేదు. ఐదు సీట్లకి ఐదు పేర్లే వచ్చాయి. అందుకే గెలిచావు."

బడి పత్రికలో ప్రభావతి ఫొటో వేసి, ఆవిడ ప్రథమ ప్రాధాన్యం పిల్లల భద్రత అని రాశారు. రాజారావు ఆ పేజీని కొట్టు అద్దానికి అంటించాడు. కింద తన చేతిరాతతో, తర్వాత ఎక్కాలు అని చేర్చాడు.

రాజీనామా కాగితం కూడా ఉంటుందని, రెండు వరుసలు నింపితే చాలని మహిధర్ కనుక్కుని తెచ్చాడు. ఆవిడ దాన్ని సంచిలో పెట్టుకుని మొదటి మీటింగుకు వెళ్ళింది. వాన వల్ల పది నిమిషాలు ఆలస్యమైంది. తలుపు తీసేసరికి లోపల అందరూ చేతులు కట్టుకుని ఊరికే కూర్చుని ఉన్నారు. ఇంకా మొదలుపెట్టలేదా అని అడిగింది. మీకోసమే ఆగామన్నారు. ప్రభావతి తన పేరు రాసి ఉన్న కుర్చీలో కూర్చుంది. ఆ రాత్రి ఇంటికి వచ్చాక సంచిలోంచి కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, కదులుతున్న వంటింటి బల్ల కాలి కింద పెట్టింది.

"ఇల్లు అమ్ముడయ్యేదాకానైనా ఉంటానే. నేను లేకపోతే వాళ్ళు మీటింగు మొదలుపెట్టరు," అంది ప్రణీతతో.

"మేము ముందు వెళ్ళి సెటిల్ అవుతాం. సెలవులకి వస్తూనే ఉంటాం కదమ్మా."

మహిధర్, ప్రణీత, నవీన 2016 జూలై పదహారు, శనివారం ఉదయం తొమ్మిదింటి లోపే, రాహుకాలం పట్టకముందే, ప్రభావతిని ఇంట్లో ఉంచి బయలుదేరారు. పామర్‌స్టన్ నార్త్‌లోనే స్థిరపడి, సెలవులకు కూడా తిరిగి రాలేదు.